తప్పు చేసినా తగలబడని బావి

పిల్లలూ! మన సులైబియాలో 1950లలోనే బావులు తవ్వి, కాస్త ఉప్పగా ఉండే భూగర్భ జలాన్ని తోడడం మొదలుపెట్టారు. ఊళ్లో తాతయ్య బోరు వేయిస్తే నీళ్లు పడతాయా, పడవా అన్నదే బెంగ. చమురు బావి తవ్వేవారికి ఇంకో బెంగ ఉంటుంది. లోపలి గ్యాసు ఒక్కసారిగా పైకి తన్నుకొస్తే? దీన్నే బ్లోఅవుట్ అంటారు.

కోనసీమలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న అదే జరిగింది. ఆ మంటను ఆర్పడానికి సుమారు 65 రోజులు పట్టింది. 1991లో కువైట్‌లో 600కు పైగా బావులు మండాయి. అవి ప్రమాదాలు కావు, యుద్ధంలో కావాలని పెట్టిన మంటలు. ఏదైనా, అదుపు తప్పిన బావిని ఆపడం ఎంత కష్టమో రెండు చోట్లా మనవాళ్లు కళ్లారా చూశారు.

మరి గ్యాసును లోపలే ఎలా ఉంచుతారు? బావి నిండా బరువైన బురద ద్రవం నింపుతారు. దీన్ని 'మడ్' అంటారు. 3000 మీటర్ల లోతున మామూలు నీటి బరువు వల్ల కలిగే పీడనం సుమారు 300 అట్మాస్ఫియర్లు. అక్కడి రాతి పొరలో పీడనం 360 ఉంటే నీరు చాలదు. నీటికంటే కనీసం 1.2 రెట్లు బరువైన మడ్ కావాలి. అలాగని మరీ బరువు పెంచితే రాయి పగులుతుంది. బరువు కోసం మడ్‌లో ముగ్గురాయి పొడి కలుపుతారు. మన రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట ఈ ముగ్గురాయికి ప్రపంచ ప్రసిద్ధి!

ఈ లెక్కలన్నీ కంప్యూటరుకు నేర్పితే అదే డ్రిల్లింగ్ సిమ్యులేటర్. నిజమైన రిగ్గులో ఉన్నట్టే మీటర్లు, మీటలు ఉంటాయి. శిక్షకుడు చెప్పకుండా 'గ్యాసు' వదులుతాడు. తొట్టిలో మడ్ మట్టం కొద్దిగా పెరుగుతుంది. పంపు ఆపినా మడ్ పైకి వస్తూనే ఉంటుంది. ఈ చిన్న గుర్తులు చూసి, వెంటనే బావి మూతి మూసే బ్లోఅవుట్ ప్రివెంటర్‌ను వాడాలి. ఆలస్యమైతే గ్యాసు పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది. బాయిల్ సూత్రం ప్రకారం 300 అట్మాస్ఫియర్ల దగ్గర లీటరున్న గ్యాసు పైకొచ్చేసరికి ఇంచుమించు 300 లీటర్లవుతుంది!

పరిశోధకులు కూడా మడ్ బరువు, పంపు వేగం మార్చి చూసి, ఏమవుతుందో తవ్వక ముందే అంచనా వేస్తారు. అయితే మనం చెప్పిన రాతి వివరాలే సిమ్యులేటరుకు తెలుసు. నేల అడుగున రాయి వేరుగా ఉంటే లెక్క తప్పుతుంది. అందుకే రిగ్గు మీద మనిషి కళ్లు తెరిచే ఉండాలి.

వీడియో గేములో ఓడితే మళ్లీ ఆడతాం. సిమ్యులేటరులోనూ అంతే. నిజమైన బావి మాత్రం రెండో అవకాశం ఇవ్వకపోవచ్చు. అందుకే చేసే తప్పులేవో ముందు ఇక్కడే చేసి నేర్చుకోవాలి.

ఇంట్లో చేసి చూడండి: ప్లాస్టిక్ సీసాకు పైన, మధ్య, కింద ఒక్కో చిల్లు పెట్టి నీళ్లు నింపండి. ఏ చిల్లు నుండి నీరు జోరుగా చిమ్మింది? ఎందుకు? వచ్చే వారం తరగతిలో తెలుగులో చెప్పండి.