చలికాలంలో బండి - చమురు పొదుపు



మార్గశిరం దాటి పుష్యమాసం వచ్చిందంటే తెల్లవారుజామున మన కనిగిరి బస్టాండు ప్రాంతంలో ఆటోలు, మోటారు సైకిళ్ళు స్టార్టు చేసి, కదలకుండా ఐదేసి, పదేసి నిమిషాలు అలాగే ఉంచడం చూస్తుంటాం. ఎందుకని అడిగితే "ఇంజను వేడెక్కాలి గదా!" అంటారు. ఇందులో నిజమెంతో, వృథా ఎంతో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. ఈ హాస్టల్లోనే చదువుకుని ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడ్ నేర్చుకున్నవాడిగా నాకు తెలిసినంత చెబుతాను.

పెట్రోలు ద్రవరూపంలో మండదు. ఆవిరై గాలితో కలిస్తేనే మండుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అందులో కొంత భాగమే ఆవిరవుతుంది. ఆ లోటు తీర్చడానికే పాత బండ్లలో చోక్ లాగుతాం. చోక్ అంటే గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడమే. 2020 ఏప్రిల్ నుండి అమ్ముతున్న బి.ఎస్.-6 మోటారు సైకిళ్ళలో చాలావాటికి చోక్ లేదు గాని, సెన్సారు చూసి బండిలోని చిన్న కంప్యూటరు అదే పని చేస్తుంది. ఎలాగైనా అదనపు పెట్రోలు ఖర్చే. అందులో కొంత మండకుండానే పొగగొట్టం గుండా బయటికి పోతుంది.

ఇంజనాయిలు కూడా చలికి చిక్కబడుతుంది. ఆయిలు డబ్బా మీద 20డబ్ల్యు-40 అని ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ 'డబ్ల్యు' అంటే వింటర్, అనగా చలికాలం. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిలు అంత సులభంగా పారుతుంది. అందుకని కంపెనీ పుస్తకంలో చెప్పిన ఆయిలునే పోయించాలి.

మరి నిలబెట్టి వేడి చేస్తే నష్టమేమిటి? లోడు లేకుండా తిరిగే ఇంజను నిదానంగా వేడెక్కుతుంది. నడిచే ఇంజను త్వరగా వేడెక్కుతుంది. సైలెన్సరులో విషవాయువులను మార్చే క్యాటలిటిక్ కన్వర్టరు సుమారు 250 - 300 డిగ్రీల వేడికి వస్తేనే సరిగా పనిచేస్తుంది. అంతవరకు విషం విషంగానే వస్తుంది. ఫిన్లాండు, కెనడా వంటి దేశాల్లో సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పోయినప్పుడు ఇంజనుకు కరెంటు హీటరు తగిలిస్తారు. మనది నీరు గడ్డకట్టే చలి కాదు. స్టార్టు చేసి అర నిమిషం ఆగి, మొదటి రెండు కిలోమీటర్లు రైజింగు ఇవ్వకుండా నెమ్మదిగా పోతే చాలు.

చలికాలం ఉదయాన నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. అందువల్ల పొగ పైకి లేవక మన ముక్కుల ఎత్తులోనే తిరుగుతుంది. రోడ్డు పక్కన స్టడీ అవర్లో కూర్చున్న పిల్లలు పీల్చేది దాన్నే. ఇంకొక ముఖ్య విషయం. చలికి తలుపులు మూసిన రేకుల షెడ్డులో బండి స్టార్టు చేసి ఉంచకూడదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. ప్రాణం పోయేదాకా తెలియదు.

ఇక టైర్లు. ఘనపరిమాణం మారకుండా ఉష్ణోగ్రత తగ్గితే వాయు పీడనం తగ్గుతుందని సైన్సులో చదువుకున్నాం. 30 పౌండ్ల గాలి ఉన్న టైరులో, 10 డిగ్రీలు చల్లబడితే సుమారు ఒకటిన్నర పౌండ్లు తగ్గుతుంది. మెత్తబడిన టైరును తిప్పడానికి ఇంజను ఎక్కువ శ్రమ పడాలి. గాలి తెల్లవారి, బండి తిరగక ముందే కొలిపించాలి. ఒంగోలు వెళ్ళి వచ్చాక వేడి టైరులో కొలిస్తే లెక్క తప్పుతుంది.

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. సుమారు ముప్పావు కిలో తూగే పెట్రోలు నుండి అంత బరువెలా వచ్చిందని ఆశ్చర్యపోకండి. అందులోని కార్బనుతో గాలిలోని ఆక్సిజను కలుస్తుంది గదా! పైగా మన దేశం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా దిగుమతే. ఆటో నడిపే నాన్నకు అది పూట గడిచే డబ్బు. వీధి చివర అంగడికి చల్లటి బండి తీసేకన్నా నడిచిపోవడం మేలు. లేదా నాలుగు పనులు ఒకే తిరుగుడులో చూసుకోవాలి.

పత్తి, మిర్చి లోడ్లు తోలే ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు డీజిలువి. వీటికి చోక్ ఉండదు. చలిలో మొదట వచ్చే తెల్లపొగ మండని డీజిలే, ఇంజను వేడెక్కాక పోతుంది. వేడెక్కాక కూడా నల్లపొగ వస్తుంటే ముందు ఎయిర్ క్లీనరు విప్పి చూపించండి. మనవైపు ఎర్రమట్టి దుమ్ముకు అది త్వరగా పూడుకుపోతుంది.