పాత గోడమీద క్రొత్త గోడ

నెహెమ్యా యెరూషలేము గోడను కట్టింప బూనినప్పుడు శత్రువులు దేనినిగూర్చి ఎగతాళి చేసిరి? కాలిపోయి చెత్తకుప్పలలో పడియున్న రాళ్లనుగూర్చియే. అయితే పాత గోడను మరల వాడుకొనుట లోకమందంతట జరిగిన పనియే. రోమీయులు లండనునకు కట్టిన ప్రాకారమును దాదాపు వెయ్యి యేండ్ల తరువాతివారు బాగుచేసి, ఎత్తుపెంచి తమ పట్టణమును కాచుకొనిరి.

మనము అంత దూరము పోనక్కరలేదు. యూసుఫ్‌గూడకు నైరుతి దిక్కున నాలుగైదు మైళ్లలో గోలకొండ యున్నది. మొదట అది కాకతీయుల నాటి మట్టికోట యని చెప్పుదురు. మట్టికోట యనగానే, ఒక్క వానకాలమునకే కరగిపోవు మన దొడ్డిగోడలు మనకు జ్ఞాపకము వచ్చును. అట్లు తలంచవద్దు. 1310లో ఢిల్లీసేన ముట్టడించిన ఓరుగల్లు మట్టిగోడలో ఇనుప ఈటె కూడ దిగలేదని అమీర్ ఖుస్రో వ్రాసెను. ఆ ఓరుగల్లులోని రాతికోటను, దాని 45 బురుజులను, కాకతీయుల తరువాత వచ్చిన ఏలికలును విడువక వాడుకొనిరి.

గోలకొండ 1360వ దశకములో బహమనీల చేతికి వచ్చెను. పిమ్మట సుల్తాన్ కులీయు ఆయన వారసులును సుమారు 62 ఏండ్లు శ్రమించి దానిని నల్లరాతి దుర్గముగా మార్చిరి. వెలుపలి ప్రాకారమునకు 87 బురుజులు, 8 ద్వారములు. ఏనుగులు తలతో కుమ్మకుండ తలుపులకు ఇనుప మేకులు దిగగొట్టిరి. అయినను కొదువ యుండెను. 1656లో మొగలుసేన వచ్చినప్పుడు, ఈశాన్యమున గోడ వెలుపలనున్న గుట్టనుండి ఫిరంగులు పేల్చవచ్చునని తెలిసెను. వెంటనే ఆ గుట్ట చుట్టును గోడ కట్టి కోటలో కలిపిరి. దానికే నయాఖిల్లా యని పేరు. మన వైపున నున్నది అదియే.

1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించెను. వానలు, కరవు అతని పాళెమును పీడించెను. గోడక్రింద సొరంగములు త్రవ్వి మందు పేల్చగా అది వారిమీదికే తిరిగెను. గోడ నిలిచెను. కాని లోపలి సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచము పుచ్చుకొని, రాత్రివేళ ఒక చిన్న తలుపు తెరచెను. అప్పుడు అబ్దుల్ రజాక్ లారీ యను మరియొక సర్దారు దాదాపు ఒంటరిగా ద్వారమునకు ఎదురేగి, ఒడలెల్ల గాయములై పడిపోయెను. అతనిని బ్రదికించుటకు వైద్యులను పంపినవాడు ఔరంగజేబే.