గూటిలోని లెక్క

మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం నిజామాబాద్, బోధన్ ప్రాంతాల రూపురేఖలనే మార్చివేసింది. కాలువల వెంట వరి మళ్ళు, చెరకు తోటలు విస్తరించాయి. బోధన్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. ఆ పొలాలను, చెరువు గట్లను ఆశ్రయించిన పక్షుల సంసారం మాత్రం ఏటా సాగుతూనే ఉన్నది.

తొలకరి పడగానే మగ గిజిగాడు వరి, చెరకు ఆకులను ముక్కుతో సన్నని పోగులుగా చీల్చి, ఈతమట్టకో, బావిమీదికి వంగిన తుమ్మకొమ్మకో గూడు అల్లడం ప్రారంభిస్తుంది. గూడు సగమయ్యేసరికి ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే కాపురం! అప్పుడు మగపక్షి గూటిని పూర్తిచేసి, మరొక గూడు మొదలుపెట్టి, మరొక ఆడపక్షిని ఆకర్షిస్తుంది. గుడ్లను పొదగడం, పిల్లలకు పురుగులు తెచ్చిపెట్టడం ప్రధానంగా తల్లి వంతే. 1930వ దశకంలో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసిన సలీం అలీ, అంతకుముందే కొంకణ తీరంలో గిజిగాళ్ళను గమనించి ఈ జీవనవిధానాన్ని వివరించారు.

ఈ తేడాకు కారణమేమిటి? 1972లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ట్రివర్స్ దీనికి ఒక సమాధానం చెప్పారు. ఒక పిల్ల బతికి బట్టకట్టడానికి తల్లిదండ్రులు వెచ్చించే ఆహారం, శ్రమ, కాలం ఒక విధమైన పెట్టుబడి. ఒక పిల్లకు వెచ్చించినది మరొక పిల్లకు దక్కదు. అందువల్ల ఎక్కువ వెచ్చించే జీవి జతను ఆచితూచి ఎంచుకుంటుంది. తక్కువ వెచ్చించే జీవి జతల కోసం పోటీపడుతుంది.

తల్లీబిడ్డల మధ్య కూడా సంఘర్షణ తప్పదని 1974లో ఆయన వివరించారు. మేకపిల్ల పెరిగేకొద్దీ తల్లి దానిని పొదుగు దగ్గరికి రానీయదు. పిల్ల వదలదు. తల్లికి తన పిల్లలన్నింటితోను జన్యుబంధం సమానమే. పిల్లకు మాత్రం తనతో తనకున్న బంధం, తోబుట్టువుతో ఉన్న బంధానికి కనీసం రెట్టింపు. తల్లి తదుపరి ఈత కోసం శక్తిని దాచుకోజూస్తుంది; పిల్ల ఇంకా కావాలంటుంది. ఇందులో తల్లి నిర్దయ లేదు, పిల్ల దురాశా లేదు.

దుక్కిలో పశువుల వెంట పురుగులేరుకునే తెల్లకొంగ, గుడ్లన్నీ పెట్టేవరకు ఆగకుండా ముందే పొదగడం ప్రారంభిస్తుంది. అందుచేత పిల్లలు ఒకదాని తరువాత ఒకటి పుడతాయి. మేత చాలనప్పుడు పెద్దవి చిన్నదానిని ముక్కుతో పొడిచి వెనుకకు నెడతాయి. తల్లిదండ్రులు సాధారణంగా అడ్డుకోవు. మేత సమృద్ధిగా ఉంటే ఆ చిన్నది కూడా బతకగలదు.

ప్రకృతిలో ఉన్నదంతా మనిషికి నీతి కాదు. కొడుకును కళాశాలకు, కూతురిని చెరకు నరకడానికి పంపే తల్లిదండ్రులు ‘ఇది లోకరీతి’ అని సరిపెట్టుకోరాదు. కొంగకు లెక్క తెలియదు; ఆ లెక్కను పరిణామం చేసింది. మనిషికి లెక్క తెలుసు. తెలిసినవాడు దానిని సరిదిద్దగలడు కూడా.

అర్థాలు
ఆచితూచి: బాగా ఆలోచించి
ఈత: పశువుల కాన్పు
సంఘర్షణ: ఒరిపిడి, పోరు

ప్రశ్నలు
1. గిజిగాని సంసారంలో ఆడ, మగ పక్షుల పాత్రలను వివరించండి.
2. ‘ప్రకృతిలో ఉన్నదంతా మనిషికి నీతి కాదు’ – చర్చించండి.