పెట్టె మారిస్తే బండి ఒప్పుకుంటుందా?

డోర్ లాక్ నొక్కితే లోపల లైటు వెలుగుతుంది. తాళంచెవి తీసేసినా రేడియో పాడుతూనే ఉంటుంది. పొద్దున్నకి బ్యాటరీ ఖాళీ. ఇలా ఒకదానికొకటి పొంతన లేని జబ్బులు ఒకేసారి మొదలైతే పికప్ ట్రక్కుల్లో అనుమానం బాడీ కంట్రోల్ మాడ్యూల్ మీదికి వెళ్తుంది. దీన్ని "దేహ నియంత్రణ విభాగం" అని తెలుగు చేయొచ్చు గానీ, ఆ మాటతో గ్యారేజీకి వెళ్తే మనల్ని హాస్పిటల్‌కి పొమ్మంటారు. బీసీఎమ్ అనే అందాం.

ఇంజను చూసుకునే కంప్యూటర్ వేరు. లైట్లు, వైపర్లు, తలుపుల తాళాలు, హారన్, తాళంచెవిని గుర్తుపట్టి స్టార్ట్ అవ్వనిచ్చే ఇమ్మొబిలైజర్, ఇలాంటి ఇంటి పని బీసీఎమ్‌ది. ఉదాహరణగా 2015 నుంచి వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 తీసుకుంటున్నాను. అమెరికా బండి, మన రోడ్ల మీద దాదాపు కనపడదు. కానీ దాని మాడ్యూల్ సెట్టింగుల డేటా బయటివాళ్లు కూడా చదువుకోవచ్చు, అందుకే సీఎస్ వాళ్లకి మంచి పాఠం. అందులో బీసీఎమ్ ముందు ప్యాసింజర్ కాళ్ల పక్కన, ప్యానెల్ వెనక ఉంటుంది. విప్పి బిగించడం పెద్ద విద్యేం కాదు. కష్టమంతా దానికి ముందూ తర్వాతా ఉంది.

ముందు సంగతి: నిజంగా పోయింది ఆ పెట్టేనా? స్కాన్ టూల్‌లో యూ0140 అనే కోడ్ వస్తే చాలామంది వెంటనే కొత్తది ఆర్డర్ పెట్టేస్తారు. ఆ కోడ్‌కి అర్థం "బీసీఎమ్‌తో మాట కలవట్లేదు" అని మాత్రమే. ఫోన్ ఎత్తకపోతే మనిషి పోయాడనుకోం కదా, సిగ్నల్ లేదేమో అని కూడా చూస్తాం. మాడ్యూళ్లు మాట్లాడుకునేది క్యాన్ బస్ మీద. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి ఇది, రెండే వైర్లు. రెండు చివర్లా చెరో 120 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది. బ్యాటరీ తీసేసి ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్స్ దగ్గర రావాలి. 120 వచ్చిందంటే ఎక్కడో వైరు తెగింది లేదా ఒక చివరి రెసిస్టర్ లేదు. సున్నా దగ్గరికొస్తే రెండు వైర్లూ తగులుకున్నాయి.

ఇంకో మోసం ఎర్త్ వైరుది. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మల్టీమీటర్ రెసిస్టెన్స్ దాదాపు సున్నానే చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ పంపే కరెంటు అతి తక్కువ. అసలు లోడ్ పడ్డప్పుడే ఆ ఒక్క పోగూ చేతులెత్తేస్తుంది. అందుకని లైట్లన్నీ వేసి, ఎర్త్ వైరు రెండు కొసల మధ్య వోల్టేజ్ చూడాలి. 0.1 వోల్ట్ దాటితే ముందు ఆ వైరు సంగతి చూడాలి. కనెక్టర్లలో పచ్చటి తుప్పు ఉంటే నీళ్లు ఎక్కణ్ణుంచి కారుతున్నాయో కూడా వెతకాలి. లేకపోతే కొత్త పెట్టె కూడా అదే నీళ్లలో తడుస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, పెట్టే పోయిందని తేలిందనుకోండి. అప్పుడు కూడా పాతదాని ప్లగ్గులు పీకకముందే స్కాన్ టూల్ పెట్టాలి. కొత్త పెట్టెకి తను ఏ బండిలో ఉందో తెలీదు. ఈ బండికి ఫాగ్ లైట్లు ఉన్నాయా, 17 అక్షరాల వీఐఎన్ నంబరేంటి, ఏ తాళంచెవులు మనవి, ఏదీ తెలీదు. పాతది కొనఊపిరితో ఉన్నా సరే, సెట్టింగులు దాన్నుంచి చదివి దాచుకుని, తర్వాత కొత్తదాంట్లో రాయొచ్చు. పూర్తిగా చచ్చిపోతే ఫోర్డ్ దగ్గర ఆ వీఐఎన్ పేరు మీద ఉన్న "యాజ్ బిల్ట్" డేటా తెచ్చుకోవాలి. అది ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు సంగతి. తర్వాత ఓనర్ మార్పించుకున్నవి అందులో ఉండవు.

ఈ డేటా చూడ్డానికి భలే ఉంటుంది. బీసీఎమ్ లైన్లు 726తో మొదలవుతాయి, అది క్యాన్ మీద దాని అడ్రస్. ప్రతి లైను చివరి బైట్ చెక్‌సమ్. అడ్రస్, బ్లాక్ నంబర్లు, డేటా బైట్లు అన్నీ కూడి చివరి 8 బిట్లు ఉంచుతారు. 726-01-01 లైనులో డేటా 01, 02, మిగతావి సున్నాలు అనుకుందాం. హెక్సాడెసిమల్‌లో 07, 26, 01, 01, 01, 02 కూడితే 32. ఇప్పుడు డేటాని 02, 01 అని తిప్పి రాయండి. మళ్లీ 32! అంటే చేత్తో టైప్ చేసేటప్పుడు రెండు బైట్లు తారుమారైతే చెక్‌సమ్ పట్టుకోలేదు. బండి ఏ గొడవా చేయకుండా తీసుకుంటుంది, తర్వాతెప్పుడో రాత్రి రోడ్డు మీద ఏదో లైటు వెలగదు. మన ల్యాబ్‌లో సీఆర్‌సీ ఎందుకు కనిపెట్టారో రాసుకోమన్నప్పుడు ఇంత మంచి ఉదాహరణ ఎవరూ ఇవ్వలేదు.

రాసేటప్పుడు బ్యాటరీకి బయటి నుంచి స్థిరమైన సప్లై పెట్టి ఉంచాలి. సాఫ్ట్‌వేర్ ఎక్కుతుండగా వోల్టేజ్ పడిపోతే కొత్త పెట్టె, ఫోన్ అప్‌డేట్ మధ్యలో ఆగినట్టు, బ్రిక్ అవుతుంది.

చివరగా తాళంచెవులు. ఇమ్మొబిలైజర్‌కి వాటిని మళ్లీ పరిచయం చేయాలి, దానికి సెక్యూరిటీ అనుమతి కావాలి. స్క్రాప్ యార్డులో చవగ్గా దొరికిన బీసీఎమ్ బిగించినవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే, అది ఇంకా పాత యజమాని తాళాల్నే గుర్తుంచుకుంటుంది. ఈ తాళం దొంగని ఆపుతుంది, అదే తాళం ఊరి మెకానిక్‌నీ ఆపుతుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో, మళ్లీ 2020లో జనం ఓటేసి మరీ రిపేరు హక్కు చట్టాలు తెచ్చుకోడానికి ఇలాంటి ఇబ్బందులే కారణం. నా ఓటైతే మెకానిక్‌కే, కాకపోతే ఎవరు ఏ తాళం ఎప్పుడు కలిపారో లాగ్ ఉండాలి.

అన్నీ అయ్యాక టైర్ ప్రెషర్ సెన్సర్లని కూడా నేర్పించాలి. ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ, ఇదే వరస. తర్వాత బండి లాక్ చేసి, మాడ్యూళ్లన్నీ నిద్రపోయేదాకా అరగంటో ఇంకాసేపో ఆగి, బ్యాటరీ నెగెటివ్ వైరులో అమ్మీటర్ పెట్టి చూడండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే బండి ఓనర్‌కి ఇచ్చేయొచ్చు.