పెళ్లి లైసెన్సు ఫీజు ఎక్కడికి వెళ్తుంది?

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉంటున్న మా అబ్బాయి పెళ్లి లైసెన్సుకు కౌంటీ ఆఫీసులో ఫీజు కట్టాడు. అందులో కొంత గృహహింస బాధితులకు ఇస్తారట. నిజమేనా? పెళ్లి చేసుకునేవాళ్ల దగ్గర ఆ సొమ్ము వసూలు చేయడం న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిజమేనండీ. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ప్రతి లైసెన్సు ఫీజులో 23 డాలర్లు కౌంటీ ప్రత్యేక నిధికి వెళ్తాయి. స్థానికంగా బాధితులకు ఆశ్రయమిచ్చే సంస్థలకు కౌంటీ పాలకమండలి ఆ డబ్బు పంచుతుంది. అలా ఏటా ఎంతో కొంత ఆదాయం ఖాయంగా ఉంటుంది.

న్యాయమా అన్న ప్రశ్న అమెరికాలో కోర్టులకూ వెళ్లింది. ఇలాంటి పనికే ఇల్లినాయ్ రాష్ట్రం 10 డాలర్లు అదనంగా వసూలు చేస్తే, 1986లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. సమాజమంతా మోయాల్సిన ఖర్చును పెళ్లి చేసుకునేవాళ్ల మీదే వేయకూడదన్నది ఆ తీర్పు సారం.

ఫీజు విషయంలో టెక్సాస్ దారి వేరు. పెళ్లికి ముందు 8 గంటల శిక్షణ తీసుకున్న జంటకు ఫీజులో 60 డాలర్లు తగ్గిస్తారు, లైసెన్సు తీసుకున్నాక పెళ్లికి ఆగాల్సిన 72 గంటల నిరీక్షణా ఉండదు.

నా అభిప్రాయం అడిగితే, కాలిఫోర్నియాలో తీసుకునే 23 డాలర్లంత చిన్న మొత్తం కుటుంబాలకు భారం కాదు. అయితే పెళ్లిళ్లు తగ్గితే నిధీ తగ్గుతుంది, బాధితుల అవసరం మాత్రం తగ్గదు. అందుకే ఈ రుసుము ప్రభుత్వ బడ్జెట్‌కు తోడుగా ఉండాలి తప్ప, దానికి బదులు కాకూడదు.