తిరిగే నేల – నిలిచే లోకం

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యం జరిగే వాటిని మనిషి గమనించడు. ఉదయాస్తమయాలు, ఋతుపవనాలు, ఆటుపోట్లు అటువంటివే. భూమి తన చుట్టూ తాను తిరగడం ఆగిపోతే ఏమవుతుందని ఊహించడం ద్వారా, అది తిరుగుతున్నందువల్ల మనకు కలుగుతున్న మేలును తెలుపడం, ప్రశ్న జ్ఞానానికి మూలమని విద్యార్థులకు బోధించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అమరకోశంలో భూమికి చెప్పిన పర్యాయపదాలలో 'అచల', 'స్థిర' అనే రెండు పేర్లున్నాయి. అచల అంటే కదలనిది. స్థిర అంటే నిలుకడ గలది. కాలి కింది నేల కదలదన్నది మానవుడి తొలి అనుభవం. కొండలు కదలవు, కోటలు కదలవు. కదిలేది సూర్యుడే, చంద్రుడే, నక్షత్రాలే అని కన్ను చెబుతుంది. కన్ను చెప్పిన మాటను మనసు నమ్మింది. మనసు నమ్మిన దానికి భాష పేరు పెట్టింది.

కన్ను చెప్పినదంతా సత్యం కాదని ధైర్యంగా పలికిన వాడు ఆర్యభటుడు. క్రీ.శ. 499 నాటికి ఇరవై మూడేళ్ళ వయసు గల ఆ యువకుడు తన 'ఆర్యభటీయం'లో నక్షత్రాల గమనాన్ని ఒక పడవ పోలికతో వివరించాడు. ముందుకు సాగే పడవలో కూర్చున్న వానికి ఒడ్డున ఉన్న చెట్లు వెనుకకు పోతున్నట్లు తోస్తుంది. అదే విధంగా భూమి తూర్పుగా తిరుగుతుండగా, కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్లు మనకు తోస్తుందని ఆయన భావం. ఆయన లెక్కల ప్రకారం భూమి ఒకసారి తిరగడానికి పట్టే కాలం 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు సరిపోతుంది. నేటి శాస్త్రజ్ఞుల లెక్క కూడా అంతే!

ఆ మాటను ఆనాటి పండితులందరూ ఒప్పుకోలేదు. భూమి తిరుగుతున్నదే నిజమైతే ఆకాశంలోకి ఎగిరిన పక్షులు మళ్ళీ తమ కులాయాలకు ఎట్లా చేరగలవని 'పంచసిద్ధాంతిక'లో వరాహమిహిరుడు ఆక్షేపించాడు. ఈ ఆక్షేపణ నవ్వి తోసివేయదగినది కాదు. చాలా లోతైన ప్రశ్న. దానికి సరియైన సమాధానం దొరకడానికి మరి కొన్ని శతాబ్దాలు పట్టింది. భూమితో పాటు గాలి తిరుగుతున్నది, చెట్టు తిరుగుతున్నది, గూడు తిరుగుతున్నది, ఎగిరే పక్షికి కూడా ఆ వేగం పుట్టుకతోనే సంక్రమించింది. అన్నీ ఒకే వేగంతో కలిసి సాగుతున్నందువల్ల ఎవరికీ ఆ వేగం తెలియడం లేదు. 1851లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకో పారిస్ నగరంలోని పాంథియాన్ భవనంలో పొడవైన తీగకు లోహపు గుండును వేలాడదీసి ఊగించాడు. గంటలు గడిచిన కొద్దీ గుండు ఊగే దిశ మెల్లమెల్లగా మారుతూ వచ్చింది. నిజానికి మారినది దాని కింది నేల! అటువంటి లోలకాన్నే 2023లో ప్రారంభమైన మన నూతన పార్లమెంటు భవనంలో కూడా అమర్చారు.

మరి ఆ వేగం ఎంత? భూమధ్యరేఖ చుట్టుకొలత సుమారు 40,075 కిలోమీటర్లు. కనుక అక్కడి నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పునకు సాగుతున్నది. ధ్రువాల వైపు పోయిన కొద్దీ ఈ వేగం తగ్గుతుంది. విజయవాడ, హైదరాబాదు వంటి నగరాల వద్ద అది గంటకు దాదాపు 1,600 కిలోమీటర్లు. ఈ వాక్యం చదివే లోపల మీరు కూర్చున్న గది రెండు మూడు కిలోమీటర్లు ప్రయాణం చేసింది!

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఈ తిరుగుడు ఉన్నట్టుండి ఆగిపోతే?

వేగంగా పోతున్న బస్సును డ్రైవరు హఠాత్తుగా ఆపితే ప్రయాణికులు ముందుకు తూలిపడతారు. బస్సు ఆగినా వారి శరీరంలోని వేగం ఆగలేదు. దీనినే జడత్వం అంటారు. భూమి ఒక్క క్షణంలో ఆగితే, దానికి గట్టిగా అతుక్కొని లేనిదంతా గంటకు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పునకు విసరివేయబడుతుంది. మనుషులు, వాహనాలు, పైమట్టి ఆ వేగంలో కొట్టుకొనిపోతాయి. సముద్రం తన గట్టును దాటి భూమి మీదికి పరుగెత్తుతుంది. గాలి మాత్రం ఆగదు. ధ్వని వేగాన్ని మించిన వేగంతో అది నేలను ఊడ్చివేస్తుంది. వరాహమిహిరుడి పక్షికి నిజంగా గూడు దొరకనిది ఆ రోజే!

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. భూమి ఆగితే ఆకర్షణ శక్తి పోయి మనమంతా ఆకాశంలో తేలిపోతామని కొందరు భావిస్తారు. అది సరి కాదు. ఆకర్షణ భూమి ద్రవ్యరాశి వల్ల కలిగినది, భ్రమణం వల్ల కలిగినది కాదు. పైగా తిరుగుడు వల్ల భూమధ్యరేఖ వద్ద మన బరువు ఇప్పుడు కొద్దిగా తగ్గి ఉన్నది. తిరుగుడు ఆగితే అక్కడి బరువు సుమారు మూడు వందల వంతులలో ఒక వంతు పెరుగుతుంది.

హఠాత్తుగా కాక, జీవులకు దెబ్బ తగలనంత నిదానంగా భూమి ఆగిందని అనుకుందాం. ప్రళయం తప్పుతుంది. అయితే ఆ తరువాతి లోకం మనం ఎరిగిన లోకం కాదు.

మొదట మారేది పగలూ రాత్రీ. భూమి సూర్యుని చుట్టూ తిరగడం మానదు కాబట్టి ఏడాదికి ఒకే ఒక పగలు, ఒకే ఒక రాత్రి ఏర్పడతాయి. ఆరు నెలల ఎండ, ఆరు నెలల చీకటి. జరగని పనిని గురించి 'పొద్దు పడమట పొడిచినప్పుడు చూద్దాం' అంటాం. ఆ రోజున పొద్దు నిజంగానే పడమట పొడుస్తుంది! భూమి తిరగదు కాబట్టి, భూమి సూర్యుని చుట్టూ సాగే గమనం వల్ల మాత్రమే సూర్యుడు ఆకాశంలో జరుగుతాడు. ఆ జరుగుదల పడమటి నుండి తూర్పునకు ఉంటుంది. సూర్యోదయ చంద్రోదయాలను కావ్యవర్ణనలలో చేర్చిన మన ఆలంకారికులు ఆ లోకంలో ఉంటే, కవికి ఏడాదికి ఒక్క సూర్యోదయమే దక్కేది. రాత్రి ఆకాశంలో నక్షత్రాలు కదలవు. ఇప్పుడు ధ్రువనక్షత్రం ఒక్కటే కదలక నిలిచినట్లు కనిపిస్తున్నది. అప్పుడు ప్రతి నక్షత్రమూ ధ్రువుడే!

అంత దీర్ఘమైన రాత్రి అంటే ఏమిటో చంద్రుడు మనకు చూపించాడు. చంద్రుడి మీద పగలు సుమారు 14 రోజులు, రాత్రి సుమారు 14 రోజులు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 లోని విక్రమ్ ల్యాండర్ దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో దిగింది. దానిని, ప్రజ్ఞాన్ రోవర్‌ను ఒక్క చంద్రదినం పని చేయడానికే రూపొందించారు. సెప్టెంబరు మొదటి వారంలో చీకటి పడబోతుండగా శాస్త్రజ్ఞులు వాటిని నిద్రపుచ్చారు. మళ్ళీ తెల్లవారిన తరువాత పిలిచినా అవి మేలుకోలేదు. చంద్రునికి గాలి లేదు కాబట్టి అక్కడి చలి మరింత తీవ్రమైన మాట నిజమే. అయినా పదునాలుగు రోజుల రాత్రికే యంత్రం తాళలేకపోతే, ఆరు నెలల రాత్రిని వరిపైరు ఎట్లా భరించగలదు?

ప్రాణులలో భూభ్రమణం గడియారంగా నాటుకొని ఉన్నది. కమలం పగలు విచ్చుకొంటుంది. చింతాకు రాత్రి ముడుచుకొంటుంది. మనిషికి ఆకలి, నిద్ర, శరీరపు వేడి ఒక దినచక్రాన్ని అనుసరిస్తాయి. కణంలోని జన్యువులు ఈ గడియారాన్ని ఎట్లా నడుపుతున్నాయో కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నేల ఆగితే ఒంటిలోని గడియారానికి కాలం సరిదిద్దేవాడు ఉండడు.

తరువాత మారేది నీరు. తిరుగుడు వల్ల భూమి నడుము కొద్దిగా ఉబ్బి ఉన్నది. ధ్రువాల మీదుగా కొలిచిన వ్యాసం కంటే భూమధ్యరేఖ వద్ద కొలిచిన వ్యాసం సుమారు 43 కిలోమీటర్లు అధికం. సముద్రజలం కూడా ఆ విధంగానే నడుము వద్ద ఉబ్బి నిలిచింది. తిరుగుడు లేకపోతే దానిని అక్కడ నిలిపే కారణం ఉండదు. నీరంతా మెల్లగా ధ్రువాల వైపు తరలిపోతుంది. ఉత్తరాన ఒక మహాసముద్రం, దక్షిణాన ఒక మహాసముద్రం, నడుమ భూగోళాన్ని చుట్టిన ఒక మహాఖండం మిగులుతాయి. కెనడా, రష్యాల ఉత్తర భూములు మునిగిపోతాయి. భూమధ్యరేఖ వద్ద నేటి సముద్రగర్భం ఎండిన నేలగా బయటపడుతుంది.

గాలి సంగతి తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. మనకు వానలు తెచ్చే ఋతుపవనాన్ని నైరుతి అంటున్నాం. అది నైరుతి నుండి ఎందుకు వస్తున్నది? దక్షిణ హిందూ మహాసముద్రంలో ఆగ్నేయ దిశ నుండి వీచే గాలులు భూమధ్యరేఖను దాటుతాయి. ఉత్తరార్ధగోళంలో ప్రవేశించగానే భూభ్రమణ ప్రభావం వల్ల కుడి వైపునకు ఒరిగి నైరుతి గాలులుగా మారతాయి. కదిలే వస్తువుల మీద భ్రమణం చూపే ఈ ప్రభావాన్ని 1835లో గణితరూపంలో వివరించిన కొరియోలిస్ పేరుతోనే దానిని పిలుస్తున్నారు. భూమి తిరగకపోతే గాలికి ఆ వంపు లేదు. మన కార్తెలకు, మన నారుమళ్ళకు ఆధారమైన ఆ వానల బాట ఇప్పటివలె ఉండదు.

బంగాళాఖాతంలో తుఫానులు సుడి తిరగడానికి కూడా ఇదే కారణం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలాది ప్రాణాలను బలిగొన్న ఉప్పెన, సుడి తిరిగిన గాలి తెచ్చినదే. భూమి ఆగితే అటువంటి తుఫానులు పుట్టవు. ఆ మాట విని సంతోషించడానికి మాత్రం వీలు లేదు. తుఫానును సుడి తిప్పిన శక్తే నైరుతిని మన పొలాలకు మళ్ళిస్తున్నది. ఒకదానిని కోరి మరొకదానిని వద్దనే అవకాశం ప్రకృతి మనకు ఇవ్వలేదు. దానిని తెలుసుకొని జాగ్రత్తపడే బుద్ధిని మాత్రం ఇచ్చింది.

ఆ బుద్ధి భ్రమణాన్ని వాడుకోవడం కూడా నేర్చింది. మన శ్రీహరికోట నుండి అనేక రాకెట్లను తూర్పు దిక్కుగా ప్రయోగిస్తారు. అక్కడి నేల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పునకు సాగుతున్నది. ఇంధనం మండక ముందే రాకెట్టుకు ఆ వేగం భూమాత ఇచ్చిన కానుకగా లభిస్తుంది.

ఇంతకూ భూమి ఎప్పుడైనా ఆగుతుందా? ఆగదు కాని నెమ్మదిస్తున్నది. చంద్రుడి ఆకర్షణ వల్ల కలిగే ఆటుపోట్లు భూమి వేగానికి చిన్న పగ్గం వేస్తున్నాయి. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దం నుండి బాబిలోనియా వాసులు వ్రాసిపెట్టిన గ్రహణాల వివరాలను పరిశీలించి, దినం నిడివి నూరేళ్ళకు సెకనులో వెయ్యవ వంతుకు రెండింతల లోపు పెరుగుతున్నదని లెక్కగట్టారు. 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రజ్ఞుడు పురాతన పగడాల శిలాజాలపై గీతలను లెక్కించి, నలభై కోట్ల సంవత్సరాలకు చేరువ కాలంలో ఏడాదికి సుమారు 400 రోజులు ఉండేవని తెలిపాడు. అప్పటి దినం చిన్నది. ఇదే తీరున సాగినా, సుమారు 500 కోట్ల సంవత్సరాల తరువాత సూర్యుడి ఆయువు తీరే నాటికి కూడా భూమి తిరుగుతూనే ఉంటుంది. కనుక భయపడవలసిన పని లేదు. ఏదో ఒక తేదీన భూమి ఆగిపోతుందని ఎవరైనా ప్రచారం చేస్తే, విని బెదరక లెక్క అడగడం విద్యావంతుడి లక్షణం.

మరి జరగని దానిని గురించి ఇంత ఊహ ఎందుకు? ఇంటిలో అమ్మ చేసే పని ఆమె ఊరికి పోయిన నాడు తెలుస్తుంది. భూమి ఊరికి పోదు. కనుక ఆమె చేసే పనిని ఊహతోనే తెలుసుకోవాలి. మనం గమనించని ఆ గమనమే పగటిని రాత్రితో తూచి, సముద్రాన్ని హద్దులో ఉంచి, మేఘాన్ని పొలానికి మళ్ళిస్తున్నది. అమరకోశం చెప్పిన రెండు పేర్లలో 'అచల' అనేది నేటి శాస్త్రానికి నిలువదు. 'స్థిర' మాత్రం నిలుస్తుంది. భూమి స్థైర్యం కదలకపోవడంలో లేదు, తప్పక తిరగడంలో ఉన్నది.

కఠిన పదాలు – అర్థాలు

కులాయం : పక్షిగూడు
ఆక్షేపించు : తప్పుపట్టు
సంక్రమించు : ఒకరి నుండి మరొకరికి చేరు
లోలకం : వేలాడుతూ ఊగే గుండు
జడత్వం : ఉన్న స్థితిని వదలని గుణం
ఆలంకారికుడు : కావ్యలక్షణాలను చెప్పే శాస్త్రకారుడు
స్థైర్యం : నిలుకడ

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు ఇరవై వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. భూమి నిదానంగా ఆగిపోతే లోకంలో కలిగే మార్పులను వివరించండి.
2. భూభ్రమణానికి, తెలుగునాట వానలకు, తుఫానులకు గల సంబంధాన్ని విశదీకరించండి.

II. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. అప్పుడు ప్రతి నక్షత్రమూ ధ్రువుడే!
2. భూమి స్థైర్యం కదలకపోవడంలో లేదు, తప్పక తిరగడంలో ఉన్నది.

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. నక్షత్రాల గమనాన్ని ఆర్యభటుడు దేనితో పోల్చాడు?
2. వరాహమిహిరుడి ఆక్షేపణ ఏమిటి?
3. పగడాల శిలాజాలు తెలిపిన విషయం ఏమిటి?

IV. సంధి విడదీసి, సంధి పేరు వ్రాయండి.
సూర్యోదయం, శిలాజాలు, ఉత్తరార్ధం, చింతాకు