అడుగక ముందే నింద మోపవద్దు

చదువవలసిన భాగములు: యెహోషువ 22:10–34, నెహెమ్యా 4:9, రోమా 12:17–21



2000 సంవత్సరము జూన్ 8వ తేదీన ఒంగోలులోని జూయెట్ జ్ఞాపకార్థ బాప్టిస్టు దేవాలయములో బాంబు ప్రేలెను. అదే దినమున తాడేపల్లిగూడెములోని కతోలిక దేవాలయములోను, గోవాలోను, కర్ణాటకలోని వాడిలోను ప్రేలుళ్లు జరిగెను. మరుసటి నెలలో హుబ్లీలోని లూథరన్ దేవాలయమునకును, బెంగళూరులోని ఒక దేవాలయమునకును అదే గతి పట్టెను. మోకాళ్లూని ప్రార్థించు చోటనే ప్రాణభయము కలిగినప్పుడు విశ్వాసుల మనస్సు ఎంత కలవరపడునో మనమెరుగుదుము.

ఇది ఎవరి పని? ఆ దినములలో అనేకుల నోట హిందూ సంస్థల పేరే వచ్చెను. దానికి కారణము లేకపోలేదు. 1999 జనవరిలో ఒరిస్సాలో గ్రాహం స్టెయిన్స్ దొరగారిని, ఆయన చిన్న కుమారులిద్దరిని జీపులో నిద్రించుచుండగా సజీవదహనము చేసిరి. ఆ పుండు ఇంకను పచ్చిగానే యుండెను. కావున అనుమానము సులువాయెను.

అయితే 2000 జూలై 9న బెంగళూరులో ఒక వ్యాను దానిలోని బాంబు ప్రేలి బద్దలాయెను. అందులోనివారిలో ఇద్దరు చనిపోయిరి, ఒకడు గాయములతో బ్రదికెను. పోలీసువారు ఆ దారము పట్టుకొని లాగగా, ఇది దీన్‌దార్ అంజుమన్ అను చిన్న గుంపులోని కొందరి పని అని బయటపడెను. వారి ఉద్దేశమేమి? క్రైస్తవులు హిందువులను అనుమానింపవలెను, ఇరువురును కలహింపవలెను, దేశము చీలవలెను. 2001లో కేంద్ర ప్రభుత్వము ఆ సంస్థను నిషేధించెను. కర్ణాటకలోని ప్రేలుళ్ల విషయమై 2008లో బెంగళూరు ప్రత్యేక న్యాయస్థానము 23 మందికి శిక్ష విధించెను.

ప్రియులారా, దీనిని గమనించుడి. వారు దేవాలయములో పెట్టిన బాంబు ఒకటి. మన హృదయములో పెట్టదలచిన బాంబు మరియొకటి. మొదటిదానిని మనము ఆపలేకపోవచ్చును. రెండవది మనము అంటించుకొంటేనే గాని ప్రేలదు.

1. అడిగిన తరువాతనే తీర్పు

యెహోషువ గ్రంథములో చూడుడి. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దాను నొద్ద గొప్ప బలిపీఠము కట్టిరన్న వార్త వచ్చినది. ఇశ్రాయేలీయులు యుద్ధము చేయుటకు షిలోహులో కూడిరి. అయినను కత్తి దూయక మునుపు ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులను పంపి విచారించిరి. అది బలులకు కట్టినది కాదనియు, రాబోవు తరములకు సాక్ష్యముగా కట్టినదనియు తెలిసికొనిరి. ఒక్క ప్రయాణము, ఒక్క ప్రశ్న. ఎన్ని వేల ప్రాణములు దక్కెను!

మన మందిరములోనే జరిగిన సంగతి చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట ఒక శనివారము మధ్యాహ్నము కిటికీ అద్దము పగిలి పడియుండెను. చూచినవారు లేరు. పక్క వీధి పడుచువాండ్ర పని అని ఒకరనిరి, అవునని పదిమంది అనిరి. అర్జీ వ్రాయుటకు కాగితము కూడ తెచ్చిరి. నేనును నమ్మితినని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాను. సాయంకాలము మన సండేస్కూలు పిల్లవాడొకడు తల్లి చెయ్యి పట్టుకొని ఏడ్చుచు వచ్చి, కోతిని తోలుటకు తాను విసరిన రాయి అని చెప్పెను. మందిరపు కప్పు కారినప్పుడు మనకు నిచ్చెన ఇచ్చినది ఆ పక్క వీధివారే.

2. ఒకరి పాపము పదిమందిపై వేయరాదు

దోషి దొరికిన తరువాత మరియొక శోధన వచ్చును. అతని మతస్థులందరును అట్టివారే అనిపించును. 2007 మే 18న శుక్రవారపు నమాజు వేళ హైదరాబాదు మక్కా మసీదులో బాంబు ప్రేలి, ప్రార్థనకు వచ్చినవారు చనిపోయిరి. అప్పుడు అనుమానముతో పట్టుబడిన ముస్లిం యువకులలో అనేకులు తరువాత నిర్దోషులని తేలిరి. 2019 ఈస్టరు నాడు శ్రీలంకలో మూడు దేవాలయములలోను, హోటళ్లలోను ఆత్మాహుతి దాడులు జరిగి 250 మందికి పైగా మరణించిరి. మరుసటి నెలలో అల్లరి మూకలు ఏ పాపమెరుగని ముస్లిముల ఇండ్లను, దుకాణములను, మసీదులను పాడుచేసిరి. ఒక మంటను మరియొక మంటతో ఆర్పగలమా?

ఎముక విరిగినప్పుడు పుత్తూరు కట్టు కోసము పరుగెత్తుదుము గాని, కట్టు కట్టువాని మతమేదని అడుగుదుమా? తిరుమల కొండకు మన రోడ్డున నడచిపోవు యాత్రికుడు దాహమని మన గడప నొద్ద నిలిచినయెడల నీళ్లియ్యకుందుమా? కష్టము లేని దినమున చూపిన ఈ పొరుగుతనమును కలవరపు దినమున మరువవద్దు.

3. ప్రార్థన, కాపలా రెండును కావలెను

నెహెమ్యా ప్రార్థించెను, కావలివారిని కూడ నియమించెను. శ్రీలంకలోని బట్టికలోవ సీయోను సంఘములో ఒక సహోదరుడు మూట మోసికొని వచ్చిన అన్యుని అనుమానించి, లోపలికి పోనియ్యక బయటనే ఆపెను. అక్కడనే బాంబు ప్రేలి ఆయనయు, అనేకమంది పిల్లలును మరణించిరి. అయినను లోపలి జనులలో అనేకులు బ్రదికిరి. కావున పండుగ దినములలో తలుపు నొద్ద ఇద్దరు పెద్దలు నిలువవలెను. ఎవరిదో తెలియని సంచి కనబడినయెడల ముట్టక, జనులను దూరముగా పంపి, పోలీసువారికి తెలుపవలెను. క్రొత్తవానిని మర్యాదగా పలుకరింపవలెను. ఆ పలుకరింపు అతిథికి ఆదరణ, దుష్టునికి అడ్డు.

భర్తను, బిడ్డలను కోల్పోయిన గ్లాడిస్ స్టెయిన్స్ అమ్మగారు హంతకులను క్షమించితినని చెప్పిరి. క్షమించుట అనగా నేరమును దాచుట కాదు. విచారణను న్యాయస్థానమునకును, పగతీర్చుటను దేవునికిని విడిచిపెట్టుటయే.

ఆలోచించుడి

1. సెల్‌ఫోనులో వచ్చిన నిందను నిజమో కాదో అడుగక ఈ నెలలో ఎందరికి పంపితిని?
2. నేను అనుమానించిన పొరుగువాని యింటికి పోయి మాటలాడితినా?
3. మసీదు గాని గుడి గాని దాడికి గురియైనదని విన్నప్పుడు, మన దేవాలయమునకు వలెనే దుఃఖించితినా?

ప్రార్థన: సమాధానకర్తవగు ప్రభువా, మా మందిరములను కాపాడుము. మా నాలుకలకు కావలియుంచుము. భయము మమ్మును ద్వేషమునకు అప్పగింపనియ్యకుము. ఆమేన్.